నెల్లూరులో అనువాదకులకు కాపీరైటు తరగతులు: ఒక సమీక్ష

నెల్లూరులో మద్రాసు బస్టాండు నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఒక చిన్న శిక్షణ కేంద్రం ఆదివారాలు కాపీరైటు మీద తరగతులు నడుపుతోంది. రచయితలు, అనువాదకులు, సొంత ఖర్చుతో పుస్తకాలు వేసుకునేవారు, పత్రికల్లో పనిచేసేవారు ఎవరైనా చేరవచ్చు. బోధించేవారు న్యాయశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసిన ఒక అధ్యాపకురాలు. మొత్తం సమయంలో సగానికి పైగా ఆమె ఒకే విషయానికి కేటాయించారు: ఒక దేశపు రచయితకు పరాయి దేశంలో హక్కు ఎలా వచ్చింది, ఆ హక్కును మొదట నిలబెట్టిన ఒప్పందాలు ఏవి, వాటి తీరు మన చట్టంలోకి ఎలా దిగింది. కావలిలో ఉంటూ ఇతర భాషల కథలను తెనిగించి చిన్న సంపుటాలుగా వేసే మనిషిగా నేను చేరాను. అనువాదం చేసేవారు తప్పక వెళ్లవలసిన తరగతులు ఇవి అన్నది నా నిశ్చితాభిప్రాయం. లోపాలు కూడా ఉన్నాయి. వాటినీ దాచకుండా రాస్తాను.

ఇలాంటి శిక్షణలు సాధారణంగా చట్టంలోని సెక్షన్లతో మొదలై, జరిమానాలతో, శిక్షలతో ముగుస్తాయి. విన్నవారికి భయం మిగులుతుంది గాని విషయం తెలియదు. ఇక్కడ అలా జరగలేదు. అంతర్జాతీయ కాపీరైటు చరిత్రలో అన్నిటికన్నా ఎక్కువ కాలం తెగని తగవు అనువాద హక్కు గురించినదే అని మొదటి తరగతిలోనే అధ్యాపకురాలు చెప్పారు, చివరి దాకా ఆ దారం వదలలేదు. మన ప్రాంతం వారికి ఈ ఎంపిక మరీ తగినది. భారతాన్ని తెనిగించిన ముగ్గురిలో తిక్కన నెల్లూరు వాడు, ఎర్రన గుడ్లూరు వాడని చెప్పుకుంటాం. వారి కాలంలో మూలకర్త అనుమతి అనే ప్రశ్నే లేదు. అచ్చుయంత్రం వచ్చి, ఒక గ్రంథం వేల ప్రతులై సరిహద్దులు దాటి అమ్ముడుపోవడం మొదలైన తరువాతనే ఆ ప్రశ్న పుట్టింది.

ఒప్పందాలకు ముందున్న స్థితిని ఆమె సంక్షిప్తంగా, స్పష్టంగా చెప్పారు. 1710లో అమలులోకి వచ్చిన ఇంగ్లండు చట్టం కొత్త పుస్తకానికి 14 ఏళ్ల హక్కు ఇచ్చి, అప్పటికి రచయిత బతికి ఉంటే మరో 14 ఏళ్లు పొడిగించింది. ఆ హక్కు ఐర్లండుకు వర్తించలేదు గనుక లండను పుస్తకాలను డబ్లిన్ ముద్రాపకులు చవకగా అచ్చు వేసుకున్నారు. 1790 నాటి అమెరికా చట్టం తన పౌరులకూ, తన గడ్డ మీద నివసించేవారికీ మాత్రమే హక్కు ఇచ్చి, బయటివారి రచనలను అక్కడ అచ్చు వేసుకోవడానికి అడ్డు లేదని విడమరిచి చెప్పింది. బ్రస్సెల్స్ ముద్రాపకులు ప్యారిస్ పత్రికల్లో ధారావాహికగా వస్తున్న నవలలను, అవి ప్యారిస్‌లో పుస్తకంగా రాకముందే, పుస్తకాలుగా కట్టి ఐరోపా అంతటా అమ్మారు. ఆ రోజుల్లో ఇది ఎక్కడికక్కడ చట్టబద్ధమైన వ్యాపారమే. దీన్ని దొంగతనంగా చూడడం అలవాటైన మనకు ఆ సంగతి మింగుడు పడడం కష్టం. అధ్యాపకురాలు ఎవరినీ దొంగలుగా చిత్రించకుండా, ప్రతి దేశమూ తన ముద్రాపకుల కడుపు, తన పాఠకుల జేబు చూసుకుందని వివరించిన పద్ధతి నాకు చాలా నచ్చింది. ఆ రెంటినీ లెక్కలోకి తీసుకోకపోతే తరువాతి ఒప్పందాలలోని రాజీలు అర్థం కావు.

రెండేసి దేశాల మధ్య ఒప్పందాల దశ మీద నడిచిన తరగతి మొత్తం శిక్షణలోకెల్లా ఉత్తమమైనదని అనుకుంటున్నాను. మీ దేశం మా రచయితలను కాపాడితే మేము మీ రచయితలను కాపాడతాం అన్న సూత్రాన్ని ప్రష్యా అనే నాటి జర్మన్ రాజ్యం 1837 నాటి తన చట్టంలో రాసుకుంది. మరుసటి ఏడాది, 1838లో, బ్రిటన్ అదే దారిలో ఒక చట్టం చేసింది గాని దాని కింద ఒక్క ఒప్పందమూ కుదరలేదు. 1844లో దాన్ని మార్చి మరొక చట్టం తెచ్చాక, 1846లో ప్రష్యాతోనూ, 1851లో ఫ్రాన్సుతోనూ ఒప్పందాలు కుదిరాయి. ఈలోగా 1840లో ఆస్ట్రియా, సార్డీనియా రాజ్యాలు చేసుకున్న ఒప్పందంలో ఇటలీలోని ఇతర సంస్థానాలు చాలావరకు చేరాయి. నేపుల్స్ రాజ్యం మాత్రం చేరలేదు. ఒకే భాష మాట్లాడే ప్రజలు వేర్వేరు రాజ్యాల కింద ఉన్నప్పుడు, ఒక ఊళ్లో అచ్చైన పుస్తకాన్ని పక్క రాజ్యంలో నకలు వేసి అమ్మడం ఎంత సులభమో, అలాంటి చోట ఒప్పందం అవసరం ఎంత ముందుగా పుడుతుందో ఇటలీ ఉదాహరణతో బాగా తెలిసింది.

ఫ్రాన్సుతో కుదిరిన ఒప్పందాన్ని అమలు చేయడానికి బ్రిటన్ 1852లో చేసిన చట్టంలోని అనువాద షరతులను ఆమె బోర్డు మీద ఒకదాని కింద ఒకటి రాశారు. ఫ్రెంచి రచయిత తన పుస్తకం ఇంగ్లీషు అనువాదంపై హక్కు కోరుకుంటే, ఆ హక్కు తనదేనని పుస్తకం ముఖపత్రం మీద ప్రకటించాలి. మూలగ్రంథాన్ని లండనులో నమోదు చేయించి, ప్రతిని దాఖలు చేయాలి. అనువాదంలో కొంత భాగమైనా ఏడాదిలోగా వెలువడాలి, మొత్తం మూడేళ్లలోగా పూర్తికావాలి. ఇవన్నీ నెరవేర్చినవారికి దక్కేది అయిదేళ్ల రక్షణ. ఆ తరువాత ఆమె మాకొక అభ్యాసం ఇచ్చారు: మీరు 1855లో ప్యారిస్‌లో ఉన్న రచయిత అనుకోండి, ఈ గడువులు తప్పకుండా ఎవరికి ఉత్తరం రాయాలి, ఏది ముందు చేయాలి, ఎక్కడ జారిపోతారు అని. అరగంట కుస్తీ పట్టాక గాని, షరతులతో నిండిన హక్కు చాలామంది రచయితల చేతికి అందని హక్కు అన్న సంగతి తరగతిలో అందరికీ పట్టుబడలేదు. ఉపన్యాసంతో ఇది సాధ్యమయ్యేది కాదు. తరువాత 1886లో అనేక దేశాలు కలిసి చేసుకున్న బెర్న్ కాపీరైటు ఒప్పందం క్రమంగా ఈ లాంఛనాలను ఎందుకు తొలగించిందో వేరే చెప్పనక్కర లేకపోయింది.

ఫ్రాన్సు 1852 మార్చి 28న జారీ చేసిన ఆజ్ఞ గురించి నాకు ఇంతకుముందు తెలియదు. ఏ దేశంలో వెలువడిన పుస్తకాన్నయినా ఫ్రాన్సులో అనుమతి లేకుండా అచ్చు వేయడం నేరమని, ఎదుటి దేశం తమకు అలాంటి మేలు చేసినా చేయకపోయినా సరే, ఆ ఆజ్ఞ ప్రకటించింది. అదే ఏడాది ఆగస్టులో బెల్జియంతో ఒప్పందం కుదరడంతో బ్రస్సెల్స్ పునర్ముద్రణల వ్యాపారానికి దెబ్బ తగిలింది. ముందు తాను ఇచ్చి తరువాత అడిగిన దేశం అని అధ్యాపకురాలు ఫ్రాన్సును మెచ్చుకున్నారు. ఆ మెప్పు న్యాయమైనదే, అయితే ఫ్రెంచి పుస్తకాలే అప్పట్లో ఎక్కువగా నకలు అయ్యేవి గనుక ఆ ఉదారత వెనుక లెక్క కూడా ఉందని నా అభిప్రాయం. అమెరికా కథను మాత్రం త్వరగా దాటించారు: 1842లో అక్కడ పర్యటించిన చార్లెస్ డికెన్స్ విజ్ఞప్తి ఫలించకపోవడం, 1891 నాటి చట్టంతో విదేశీ రచయితలకు తలుపు తెరుచుకున్నా పుస్తకానికి అక్షరాలు అమెరికాలోనే కూర్చాలన్న షరతు ఉండడం, ఆ దేశం 1989 మార్చి 1న గాని బెర్న్ ఒప్పందంలో చేరకపోవడం. ఇంతవరకు చాలు.

బెర్న్ దగ్గరికి వచ్చేసరికి తరగతి వేగం తగ్గింది, తగ్గవలసిందే. 1878లో ప్యారిస్‌లో విక్టర్ హ్యూగో అధ్యక్షతన రచయితల అంతర్జాతీయ మహాసభ జరిగి, అక్కడ పుట్టిన సంఘం 1883లో స్విట్జర్లండులోని బెర్న్ నగరంలో సమావేశమై ముసాయిదా తయారుచేసింది. స్విస్ ప్రభుత్వం దాన్ని అందుకుని 1884, 1885, 1886 సంవత్సరాలలో వరుసగా దౌత్య సమావేశాలు పిలిచింది. 1886 సెప్టెంబరు 9న పది దేశాలు సంతకం చేశాయి: జర్మనీ, బెల్జియం, స్పెయిన్, ఫ్రాన్సు, బ్రిటన్, హైతీ, ఇటలీ, లైబీరియా, స్విట్జర్లండు, ట్యునీసియా. లైబీరియా ఆ సంతకాన్ని ధ్రువీకరించలేదు. మిగిలిన తొమ్మిది దేశాల మధ్య 1887 డిసెంబరు 5 నుంచి ఒప్పందం అమలులోకి వచ్చింది. దాని మూలసూత్రం ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: సభ్యదేశం తన రచయితలకు ఏ హక్కులు ఇస్తుందో మిగతా సభ్యదేశాల రచయితలకూ అవే ఇవ్వాలి. రచయిత తన దేశపు లాంఛనాలు పూర్తిచేసుకుంటే చాలు, దేశదేశానికీ వెళ్లి నమోదు చేయించుకునే బాధ తప్పింది.

ఇక అనువాదం. ఫ్రాన్సు వంటి దేశాలు అనువాద హక్కు మూలగ్రంథం హక్కుతో సమానంగా ఉండాలని పట్టుబట్టాయి. బయటి భాషల నుంచి ఎక్కువగా అనువదించుకునే స్వీడన్, నార్వే ప్రతినిధులు దానికి ఒప్పుకోలేదు. చివరికి అయిదవ అధికరణంలో పదేళ్ల దగ్గర రాజీ కుదిరింది. మూలం వెలువడిన నాటి నుంచి పదేళ్ల పాటు అనువాదం రచయిత చేతిలో ఉంటుంది, తరువాత ఎవరైనా చేసుకోవచ్చు. 1896లో ప్యారిస్‌లో దాన్ని సవరించి, ఆ పదేళ్లలోగా ఏ భాషలో అనుమతి పొందిన అనువాదం వెలువడుతుందో ఆ భాషలో రచయిత హక్కు పూర్తికాలం నిలుస్తుందని రాశారు. 1908లో బెర్లిన్‌లో అనువాద హక్కును మూలం హక్కుతో సమానం చేసి, లాంఛనాలన్నీ ఎత్తివేశారు. 1899లో చేరిన జపాన్ మాత్రం అనువాదం విషయంలో పాత ఏర్పాటునే తనకు అట్టిపెట్టుకుంది. రచయిత పక్షాన ఆలోచిస్తే 1908 నిర్ణయమే న్యాయం, పాఠకుని పక్షాన ఆలోచిస్తే 1896 నాటిది. రెండు పక్షాలనూ సమాన గౌరవంతో వినిపించిన తరగతిని నేను మరొకటి చూడలేదు. 1896 నాటి ఏర్పాటు చిన్న భాషలకు చేసిన మేలును మనం తక్కువగా గుర్తిస్తున్నామని నాకు అనిపిస్తుంది. అది రచయితకు మొదటి అవకాశం ఇస్తుంది, ఆయన పట్టించుకోని భాషల పాఠకులను మాత్రం తరాల తరబడి ఎదురు చూడనివ్వదు.

ఇది దూరదేశపు ముచ్చటగా మిగిలిపోకుండా అధ్యాపకురాలు ఆ వెంటనే 1914 నాటి భారత కాపీరైటు చట్టం నాలుగవ సెక్షనును బోర్డు మీద 1896 నాటి ఏర్పాటు పక్కనే రాశారు. ఈ దేశంలో మొదట ప్రచురితమైన రచనకు అనువాద హక్కు పదేళ్లే ఉంటుందని, ఆ లోగా రచయిత ఒక భాషలో అనువాదం వేయిస్తే ఆ భాష వరకు హక్కు కొనసాగుతుందని ఆ సెక్షను చెప్పింది. అంటే 1896లో ప్యారిస్‌లో కుదిరిన రాజీయే, బెర్లిన్ దాన్ని దాటిపోయిన తరువాత కూడా, మన చట్టంలో నిలిచింది. 1920లలో వెలువడిన తెలుగు నవలకు పదేళ్లలోగా తమిళ అనువాదం రాకపోతే, ఆ తరువాత తమిళంలోకి తేవడానికి ఎవరి అనుమతీ అక్కర లేకపోయేది. సూళ్లూరుపేట దాటితే తమిళం వినిపించే ప్రాంతంలో ఈ సెక్షను ఎన్ని పుస్తకాల రాకపోకలకు దారి ఇచ్చిందో పరిశోధించదగిన విషయం.

మరొక సంగతి కూడా ఇక్కడే తెలిసింది. 1886లో బ్రిటన్ తన వలసలన్నిటి తరఫునా సంతకం చేసింది. ఆ రోజు రాసిన పత్రంలో, భవిష్యత్తులో విడిగా వైదొలగే వీలు అట్టిపెట్టిన ప్రాంతాల పేర్లలో భారతదేశం పేరు మొదటిది. కాబట్టి ఈ ఒప్పందంతో మన సంబంధం తొలి రోజు నుంచీ ఉంది, మనల్ని ఎవరూ అడగకుండానే ఉంది. సొంత హోదాలో భారతదేశం సభ్యత్వం 1928 ఏప్రిల్ 1 నుంచి లెక్కకు వస్తుంది.

ఇన్ని మంచి మాటలు చెప్పాక లోపాలు చెప్పాలి. స్వాతంత్య్రం తరువాతి భాగాన్ని హడావిడిగా ముగించారు. 1952లో జెనీవాలో కుదిరిన సార్వత్రిక కాపీరైటు ఒప్పందం, వృత్తంలో సి అక్షరం గుర్తు దాని ద్వారా అంతర్జాతీయంగా ప్రచారంలోకి రావడం, 1967లో స్టాక్‌హోంలో వర్ధమాన దేశాల కోసం భారతదేశం గట్టిగా వాదించి సాధించిన ఏర్పాట్లు సంపన్న దేశాలు ఆమోదించక మూలపడడం, 1971లో ప్యారిస్‌లో వాటి స్థానంలో ఒక అనుబంధం రావడం, వీటన్నిటినీ ఒకే తరగతిలో కుక్కారు. నేటి అనువాదకుడికి నేరుగా పనికొచ్చేది ఈ భాగమే. మన 1957 చట్టం 32వ సెక్షను, ఒక రచన వెలువడి ఏడేళ్లు దాటినా ఒక భాషలోకి రాకపోతే అనువాదానికి లైసెన్సు కోరే వీలు ఇస్తుంది. విదేశీ రచనల విషయంలో బోధన, పాండిత్యం, పరిశోధనల కోసమైతే ఆ గడువు మూడేళ్లని, అభివృద్ధి చెందిన దేశాలలో సాధారణ వాడుకలో లేని భాషలోకైతే ఏడాదేనని 1983 సవరణ చేర్చింది. 1886 నాటి పదేళ్ల రాజీ రూపం మార్చుకుని ఇక్కడ తిరిగి కనిపిస్తోంది కదా. దరఖాస్తు ఎలా రాయాలి, మూల హక్కుదారును వెతికినట్టు ఏ ఆధారాలు చూపాలి అన్నవి చెప్పి ఉంటే శిక్షణ సంపూర్ణమయ్యేది. నిర్వాహకులు దీనికి ఒక ఆదివారం అదనంగా కేటాయించాలని కోరుతున్నాను.

ప్రశ్నలకు ఇచ్చిన సమయం మాత్రం ఉదారం. కందుకూరు నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు, తాను తెనిగించదలచిన పుస్తకం రచయిత గురించి, "ఆయన చచ్చిపోయి శానా ఏండ్లయింది గదా మేడమ్, ఇంకా ఎవురిని అడగాల?" అన్నారు. అధ్యాపకురాలు విసుగు లేకుండా లెక్క చెప్పారు. మన చట్టంలో రచయిత మరణించిన మరుసటి ఏడాది మొదలు నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. 1960లో మరణించిన బ్రిటిష్ రచయిత అయితే 2020 ముగియడంతో ఇక్కడ హక్కు తీరిపోయింది. బ్రిటన్‌లో 70 ఏళ్లు గనుక అక్కడ ఇంకా ఉంటుంది, కాబట్టి తెలుగు పుస్తకం ఇక్కడ అమ్ముకోవచ్చు గాని అక్కడికి పంపి అమ్మకూడదు. ఆ పెద్దాయన అంతటితో ఊరుకోలేదు. "నేను రష్యన్ పుస్తకాన్ని ఇంగ్లీషులో చూసి తెనిగించినా, అప్పుడెట్లమ్మా?" అని అడిగారు. నాకైతే మొత్తం శిక్షణలో ఇంతకంటె విలువైన ఘట్టం లేదు. అనుమతి పొందిన అనువాదాన్ని స్వతంత్ర రచనగానే కాపాడాలని 1886 ఒప్పందం ఆరవ అధికరణం అప్పుడే చెప్పింది. మూలకర్త హక్కు తీరినా ఇంగ్లీషు అనువాదకుని హక్కు మిగిలి ఉండవచ్చు, ఆయన వాక్యాన్ని ఆధారం చేసుకుని తెనిగిస్తే ఆయన అనుమతి కావాలి. అయితే మూలం అందరి సొత్తు అయ్యాక మరొకరు నేరుగా మూలం నుంచి అనువదించుకుంటే కాదనే హక్కు ఆ అనువాదకునికి లేదని కూడా అదే అధికరణం చెబుతుంది. తెలుగులోకి వచ్చే ఐరోపా సాహిత్యంలో ఎంతో భాగం ఇంగ్లీషు మీదుగా వస్తుంది. ఈ ఒక్క అధికరణం మన అనువాదకులు, ప్రచురణకర్తలు అందరూ చదివి తీరాలి.

పత్రికలవారికి కూడా కొంత దక్కింది. 'జమీన్ రైతు' వంటి వారపత్రిక నడిచిన ఊళ్లో ఆ విషయం వదిలేయకపోవడం సబబు. పత్రికలోని వ్యాసాన్ని, పునర్ముద్రణ నిషిద్ధమని స్పష్టంగా ప్రకటించకపోతే, ఇతర దేశాల పత్రికలు వాడుకోవచ్చని, రాజకీయ చర్చలకూ, ఆనాటి వార్తలకూ ఆ నిషేధం కూడా వర్తించదని 1886 ఒప్పందంలో ఉంది. వార్త ఎవరి సొత్తూ కాదన్న భావన అంత పాతది.

వసతుల విషయం. తరగతి గది రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు, మోకాళ్ల నొప్పులున్న పెద్దలు ఇబ్బంది పడ్డారు. చేతికిచ్చిన కాగితాలన్నీ ఇంగ్లీషులో, సన్నని అక్షరాలలో ఉన్న జిరాక్సు కాపీలు. బోధన చక్కని తెలుగులో సాగుతుండగా పాఠ్యం ఇంగ్లీషులో ఉండడం అందులోకెల్లా పెద్ద లోటు. కనీసం 1886 ఒప్పందంలోని అయిదు, ఆరు, ఏడు అధికరణాలనూ, మన చట్టంలోని 32వ సెక్షనునూ తెలుగులో అచ్చు వేసి ఇవ్వవలసింది. రుసుము మాత్రం చిన్న రచయితలు భరించగలిగినదే, విద్యార్థులకు సగం తగ్గిస్తున్నారు.

ఒంగోలు, కావలి వైపు నుంచి వచ్చేవారికి ఉదయం రైళ్లు అనుకూలంగా ఉన్నాయి, తరగతి ముగిశాక సాయంత్రం తిరుగు ప్రయాణానికీ ఇబ్బంది లేదు. చేరదలచినవారు తాము అనువదించిన లేదా అనువదించబోతున్న ఒక పుస్తకాన్ని వెంట తెచ్చుకోవాలి. దాని హక్కుల పేజీ, మూల రచయిత మరణించిన సంవత్సరం, మధ్యలో ఇంగ్లీషు అనువాదకుడు ఉంటే ఆయన వివరాలు ముందే రాసి పెట్టుకోవాలి. చివరి తరగతిలో అధ్యాపకురాలు ఒక్కొక్కరి పుస్తకాన్నీ చేతిలోకి తీసుకుని, దానికి ఎవరి అనుమతి కావాలో, అసలు కావాలో లేదో విడివిడిగా చెబుతారు. ఖాళీ చేతులతో వచ్చినవారికి ఆ పూట వినడం తప్ప మరేమీ దక్కదు.